లినక్స్ డెస్క్‌టాప్‌లో ఆడియో సీడీ పలకకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

డెల్టాలో ఏ ఇంట్లో బీరువా తెరిచినా ఓ అట్టపెట్టెడు సీడీలు తగులుతాయి. హరికథలు, పద్యనాటకాలు, సుప్రభాతాలు, పాత సినిమా పాటలు. సీడీ ప్లేయర్ ఎప్పుడో మూలపడింది. మిగిలిందల్లా డీవీడీ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్, అందులో ఉబుంటూనో మింటో డెబియనో. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలివి.

ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో, పలికేటట్టు రాశాం. టెర్మినల్లో (ఆదేశాలు కొట్టే కిటికీలో) మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. క్యాపిటల్ అని విడిగా చెప్పని చోటల్లా చిన్న అక్షరాలే.

సీడీ పెట్టానండి, మౌంట్ చేద్దామంటే "రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్" అంటోంది. సీడీ పోయినట్టేనా?

పోలేదు. మౌంట్ అంటే డిస్కులోని ఫైళ్లను ఫోల్డర్లా తెరిచి చూపడం. ఆడియో సీడీ మౌంట్ కాదు, కాకూడదు కూడా. అందులో ఫైళ్లు లేవు, ఫోల్డర్లు లేవు, ఫైల్ సిస్టమే (ఆ ఎర్రర్‌లోని ఎఫ్‌ఎస్ ఇదే) లేదు. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఖరారు చేసిన రెడ్ బుక్ ప్రమాణం ప్రకారం, డిస్కు లోపలి అంచున ఒక విషయసూచిక, ఆ తర్వాత పొడుగాటి ఒకే సర్పిలంలో శబ్దం. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి రెండు చానళ్లు. సెకను శబ్దాన్ని 75 సెక్టార్లుగా కోస్తారు, ఒక్కో సెక్టారు 2,352 బైట్లు.

డేటా సీడీలో అదే సెక్టారులో 2,048 బైట్లే సరుకు. మిగతా 304 బైట్లలో సెక్టారు చిరునామా, తప్పులు దిద్దుకునే అదనపు లెక్కలు ఉంటాయి. ఆడియో సీడీకి ఆ అదనపు కాపలా లేదు. కింద వచ్చే చాలా జవాబులకు మూలం ఇక్కడే ఉంది, కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

సిస్టమ్ సందేశాలు చూపించే డీమెసేజ్ ఆదేశంలో (కొట్టేటప్పుడు డీ, ఎం, ఈ, ఎస్, జీ) "ఇల్లీగల్ మోడ్ ఫర్ దిస్ ట్రాక్" అని కనబడితే కంగారొద్దు. ఏదో ప్రోగ్రాము ఆడియో ట్రాకును డేటా అనుకుని చదవబోయింది, డ్రైవ్ కాదు పొమ్మంది, అంతే. "మీడియం ఎర్రర్", "అన్‌రికవర్డ్ రీడ్ ఎర్రర్" అని వస్తే మాత్రం గీతలో, మురికో, లెన్సో చూడాలి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడు మెట్లు, ఇదే వరసలో. డ్రైవ్ ఉన్నట్టు కంప్యూటర్‌కు తెలుసా? డిస్కు విషయసూచిక చదవగలుగుతోందా? చదివిన శబ్దం స్పీకర్ దాకా వస్తోందా? ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియకుండా ప్లేయర్లు ఒకదాని తర్వాత ఒకటి ఇన్‌స్టాల్ చేసుకుంటూ పోతే సాయంత్రమైపోతుంది తప్ప పని కాదు.

మొదటిదానికి "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" అని కొట్టండి. జాబితాలో "ఎస్‌ఆర్0" అన్న పేరు (అదే మీ డ్రైవ్), రకం దగ్గర "రోమ్" అని ఉండాలి. రెండోదానికి సీడీపారనోయా అనే ప్యాకేజీ వేసుకుని, "సీడీపారనోయా -వీఎస్‌క్యూ" కొట్టండి. ఇక్కడ క్యూ ఒక్కటే క్యాపిటల్. ట్రాకుల వరస, ఒక్కోదాని నిడివి పట్టికలా వస్తే డ్రైవూ డిస్కూ రెండూ బాగున్నట్టే. మూడోదానికి సీడీని పక్కన పెట్టి "స్పీకర్-టెస్ట్ -సీ 2 -టీ వేవ్" నడపండి; ఇందులో వేవ్ అంటే డబ్ల్యూ, ఏ, వీ. ఎడమ, కుడి స్పీకర్ల పేర్లు ఇంగ్లీషులో వినబడాలి.

ఎస్‌ఆర్0 అసలు కనబడట్లేదు.

అయితే ఇది లినక్స్ తగువు కాదు, తీగల తగువు. ముందు ట్రే తెరుచుకుంటోందా చూడండి. తెరుచుకోకపోతే పవర్ వైరు. తెరుచుకుంటున్నా జాబితాలో లేకపోతే సాటా డేటా కేబులు (డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపేది), లేదా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల్లో) ఆ పోర్టు ఆపేసి ఉండటం. కరెంటు ప్లగ్గు తీసి, క్యాబినెట్ తెరిచి, కేబులు రెండు కొసలూ పీకి మళ్లీ గట్టిగా గుచ్చండి. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. తీసి పెట్టడంలోనే అది కాస్త రాలి పని చేయడం మామూలే. అప్పటికీ రాకపోతే కేబులు మార్చండి. అన్నిటికంటే చవకైన సామాను అదే.

యూఎస్‌బీ డ్రైవ్ కొన్నాం. తిరగబోయి టక్ టక్‌మని ఆగిపోతోంది.

కరెంటు చాలట్లేదు. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900. డిస్కును నిలబడ్డచోటి నుంచి తిప్పే క్షణంలో మోటారు అంతకంటే ఎక్కువ లాగొచ్చు. ముందువైపు పోర్టు నుంచి తీసి వెనక, మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టండి. రెండు తలల కేబులు ఉంటే రెండూ గుచ్చండి. విడిగా అడాప్టర్ లేని హబ్ మాత్రం వద్దు.

"పర్మిషన్ డినైడ్" అంటోంది.

డెబియన్, ఉబుంటూల్లో డ్రైవ్ "సీడీరోమ్" గుంపుకు చెందుతుంది, ఆర్చ్ లినక్స్‌లో "ఆప్టికల్" గుంపుకు. "సుడో యూజర్‌మాడ్ -ఏజీ సీడీరోమ్" అని కొట్టి, చివర మీ యూజర్ పేరు పెట్టండి. ఏ చిన్నది, జీ క్యాపిటల్. ఆ ఏ మరిచిపోతే మిగతా గుంపులన్నిట్లోంచీ మీ పేరు ఎగిరిపోతుంది, సుడోతో సహా. తర్వాత లాగౌట్ అయి మళ్లీ రండి. టెర్మినల్ ఒక్కటి మూసి తెరిస్తే సరిపోదు.

వీఎల్‌సీ ప్లేయర్‌లో ఎలా పెట్టాలి? ఫైల్ మేనేజర్లోంచి లాగితే రావట్లేదు.

మీడియా మెనూలో ఓపెన్ డిస్క్, అందులో ఆడియో సీడీ, డివైస్ దగ్గర "/డెవ్/ఎస్‌ఆర్0". డీవీడీ అన్నది టిక్ అయి ఉంటే ఎంతసేపు చూసినా రాదు. చాలామంది చిక్కుకునేది సరిగ్గా అక్కడే.

వీఎల్‌సీని స్నాప్ అనే ప్యాకేజీ రకంగా వేసుకుని ఉంటే ఇంకో అడ్డుగోడ ఉంటుంది. స్నాప్ ప్రోగ్రాము దాని గదిలోనే ఉంటుంది, డ్రైవ్ ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. "స్నాప్ కనెక్షన్స్ వీఎల్‌సీ" కొట్టి, ఆప్టికల్-డ్రైవ్ వరసలో ఖాళీ గీత ఉంటే "సుడో స్నాప్ కనెక్ట్ వీఎల్‌సీ:ఆప్టికల్-డ్రైవ్" ఇవ్వండి. అలాంటిదే ఇంకో రకం ఫ్లాట్‌ప్యాక్ అయితే, ఫ్లాట్‌సీల్ అనే అనుమతుల ప్రోగ్రాము తెరిచి అన్ని పరికరాలకూ అనుమతి ఆన్ చేయాలి. మా మాట వింటే ఈ ఒక్క పనికి ఏపీటీ ఆదేశంతో వచ్చే మామూలు ప్యాకేజీయే సుఖం. వీఎల్‌సీ నచ్చకపోతే ఆడేషియస్ ప్లేయర్‌లో సర్వీసెస్ మెనూ కింద సీడీ ప్లే చేసే వీలుంది. ఎంపీవీ ప్లేయర్ వాడేవాళ్లకు "ఎంపీవీ సీడీడీఏ://" చాలు.

నాటిలస్ ఫైల్ మేనేజర్లో "ట్రాక్ 1" అంటూ వేవ్ ఫైళ్లు కనబడతాయి కదా, ఫైళ్లు లేవన్నారేం అంటారా? అవి డిస్కులో ఉన్నవి కావు. జీవీఎఫ్‌ఎస్ అనే భాగం మన సౌకర్యానికి అల్లి చూపిస్తున్నవి. వాటిని లాగి హార్డ్ డిస్కులో పడేస్తే నిజంగానే పాట కాపీ అవుతుంది. అవేవీ కనబడకపోతే "జీవీఎఫ్‌ఎస్-బ్యాకెండ్స్" ప్యాకేజీ లేదన్నమాట.

టైమ్ నడుస్తోంది, సీడీ తిరుగుతోంది, చప్పుడు మాత్రం లేదు.

యూట్యూబ్ వినబడుతోందా? అదీ వినబడకపోతే సీడీని వదిలేసి సౌండ్ సెట్టింగ్స్ చూడండి. మానిటర్‌ను హెచ్‌డీఎంఐతో కలిపినవాళ్లకు శబ్దం స్పీకర్లకు బదులు మానిటర్‌కు పోతుంటుంది. ఆ మానిటర్‌కు స్పీకర్లే ఉండవు. పీఏవీయూకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాము వేసుకుంటే, పాట నడుస్తుండగా దాని ప్లేబ్యాక్ ట్యాబులో ఏ ప్రోగ్రాము శబ్దం ఎటు పోతోందో కనబడుతుంది, అక్కడే మార్చొచ్చు. ఆల్సామిక్సర్ అనే వాల్యూమ్ ప్రోగ్రాములో చానల్ కింద రెండు ఎమ్‌లు ఉంటే మ్యూట్ అయినట్టు. ఎమ్ నొక్కితే తెరుచుకుంటుంది.

మిగతావన్నీ వినబడుతూ సీడీ ఒక్కటే మూగబోతే, వాడుతున్న ప్లేయర్ మరీ పాతకాలందై ఉంటుంది. ఒకప్పుడు కంప్యూటర్ సీడీ శబ్దాన్ని చదివేదే కాదు. ఫలానా ట్రాకు పాడమని డ్రైవ్‌కు చెప్పేది. డ్రైవే శబ్దాన్ని తయారుచేసి వెనకనున్న నాలుగు పిన్నుల సన్నటి వైరు మీదుగా సౌండ్ కార్డుకు పంపేది. సాటా డ్రైవ్‌లకు ఆ సాకెట్టే లేదు. ఆ పాత ప్లేయర్ ఇప్పటికీ డ్రైవ్‌కు ఆజ్ఞ ఇస్తుంది, డ్రైవ్ బుద్ధిగా తిప్పుతుంది, టైమూ నడుస్తుంది, శబ్దం పోవడానికి మాత్రం దారి లేదు. సాటాకు ముందుతరం ఐడీఈ డ్రైవ్ ఉన్నవాళ్లయితే ఆ వైరు పెట్టుకుని, ఆల్సామిక్సర్‌లో సీడీ అన్న చానల్ పెంచుకోవచ్చు. మిగతావాళ్లు ప్లేయర్ మార్చడమే.

డీవీడీలు శుభ్రంగా ఆడుతున్నాయి, సీడీలు మాత్రం ఒక్కటీ పట్టట్లేదు. ఇదెక్కడి విడ్డూరం?

విడ్డూరమేం లేదు. ఒకే డ్రైవ్‌లో రెండు లేజర్లు: డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రటిది, సీడీకి 780 నానోమీటర్లది, కంటికి కనబడనిది. ఒకటి బలహీనపడి రెండోది బతికుండొచ్చు. నాలుగైదు మంచి సీడీలు వేసి చూసి, ఏదీ పట్టకపోతే డ్రైవ్ మార్చండి. లేజర్ బాగుచేయించడం కంటే అదే తేలిక.

పాట ఆగి ఆగి వస్తోంది, మధ్యలో టిక్ టిక్‌మంటోంది.

అందరూ అడిగేది ఇదే, దీనికి కారణాలూ ఒకటి కాదు.

డిస్కును లైటుకు అడ్డంగా పట్టుకుని చూడండి. వెలుగు సూదిమొనలంత చుక్కలుగా ఇవతలికి వస్తుంటే, మెరిసే అల్యూమినియం పొర ఊడిపోయింది. ఆ చుక్కల చోట ఉన్న శబ్దం ఇక రాదు. ఈ పొర ఉండేది బొమ్మ ముద్రించిన వైపు, పల్చటి లక్క పూత కిందే. మెరిసే వైపున 1.2 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ అడ్డుంటుంది. కనుక భయపడాల్సింది బొమ్మవైపు గీతలకు. బొమ్మవైపు బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాసినా అంతే సంగతులు.

మెరిసే వైపు వేలిముద్రలు, జిడ్డు అయితే కడగొచ్చు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి, ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డతో మధ్య రంధ్రం నుంచి అంచుకు నిటారుగా తుడవండి, గుండ్రంగా ఎప్పుడూ తిప్పొద్దు. పొలానికి అడ్డంగా నడిస్తే ఒక్కో చాలునూ ఒక్క అడుగే తొక్కుతాం, చాలు వెంబడే నడిస్తే ఆ చాలంతా పోతుంది. గీత సంగతీ అంతే. అడ్డగీత ఒక్కో చుట్టులో కొద్దిపాటి బిట్లనే చెరుపుతుంది, డ్రైవ్ దిద్దుకుంటుంది. సర్పిలం వెంబడి పడ్డ గీత సుమారు రెండున్నర మిల్లీమీటర్లు దాటితే దిద్దుబాటు పద్ధతి చేతులెత్తేస్తుంది. అప్పుడు డ్రైవ్ ముందువెనకల నమూనాలు చూసి అటూ ఇటూగా ఊహించి పూరిస్తుంది. అదీ కుదరకపోతే టిక్‌మంటుంది. గోళ్ల రంగు తీసే ద్రవం, థిన్నర్ దగ్గరికి రానీయొద్దు, ప్లాస్టిక్ తెల్లబడిపోతుంది. టూత్‌పేస్టు చిట్కా మెరిసే వైపు సన్నగీతలకు కొంత పనిచేస్తుంది గానీ, పాత పద్యనాటకం ఒక్కటే ప్రతి ఉన్నప్పుడు దానిమీద ప్రయోగం చేయొద్దు.

డిస్కు బాగుంటే వేగం సంగతి చూడండి. 48 రెట్ల వేగంతో తిరుగుతూ అదిరిపోయే డిస్కును చదవడం డ్రైవ్‌కూ కష్టమే. "ఎజెక్ట్ -ఎక్స్ 8 /డెవ్/ఎస్‌ఆర్0" అంటే ఎనిమిది రెట్లకు దిగుతుంది, రొదా తగ్గుతుంది. డిస్కు మార్చినప్పుడల్లా మళ్లీ చెప్పాలి. కొన్ని డ్రైవ్‌లు ఈ మాట వినవు. వీఎల్‌సీ మాత్రమే తడబడుతుంటే దాని ప్రిఫరెన్సెస్‌లో అన్నీ చూపించమని, డిస్క్ క్యాషింగ్ విలువ 300 మిల్లీసెకన్లున్నదాన్ని 2000 చేయండి.

ఏ సీడీ వేసినా ఇదే వరసైతే మురికి లెన్సు మీదుంది. ట్రే డ్రైవ్ లెన్సును బయటి నుంచి తుడవలేం, విప్పాలి. లాప్‌టాప్ రకం పల్చటి డ్రైవ్‌లో లెన్సు ట్రేతోపాటే బయటికొస్తుంది. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, పిండి, ఒక్కసారి పైపైన తాకించండి. ఆ లెన్సు సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, నొక్కితే డ్రైవ్ పోయినట్టే.

వానాకాలంలో, పొద్దున్నపూట మాత్రమే సీడీ పట్టట్లేదు.

చెమ్మ. రాత్రంతా ఏసీ వేసిన గదిలోని డ్రైవ్‌కు తలుపు తీయగానే బయటి తడిగాలి తగిలితే లెన్సు మీద ఆవిరి పడుతుంది. చెరువుల మధ్య ఉన్న భీమవరం, ఆకివీడు వైపు ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. కంప్యూటర్ ఆన్ చేసి, ట్రే ఖాళీగా ఉంచి, అరగంట ఆగి అప్పుడు వేయండి.

దాచుకునేటప్పుడు సీడీలను నిలువుగా, గట్టి డబ్బాల్లో, బయటి గోడకు తగలని బీరువాలో పెట్టండి. పల్చటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టలు కడితే చెమ్మకు అతుక్కుని, విడదీసేటప్పుడు లక్క పూత లేచొస్తుంది. సిలికా జెల్ పొట్లాలు వేయండి, బియ్యం వేయొద్దు, తవుడు దుమ్ము చేరుతుంది. కలరా ఉండలూ వద్దు. ఆ ఆవిరికి సీడీ డబ్బా ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లు రంగుపొర మీద ఆధారపడినవి, ఎండ తగిలితే వెలుస్తాయి. కాపీ చేసుకోవడం మొదలుపెడితే వాటితోనే మొదలుపెట్టండి, దుకాణంలో కొన్నవి తర్వాత చూసుకోవచ్చు.

డబ్బా మీద 100 పాటలని ఉంది, ఆడియో సీడీ ప్లేయర్‌లో ఒక్కటీ రావట్లేదు.

అది ఎంపీ3 సీడీ. ఆడియో సీడీలో పట్టేది 74 నిమిషాలు, మహా అయితే 80. ట్రాకులు 99కి మించవు. నూరు పాటలున్నాయంటే అది డేటా సీడీయే. మామూలుగా మౌంట్ చేసి ఫైళ్లు తెరుచుకోండి.

వీసీడీలది (వీడియో సీడీలది) వేరే కథ. మౌంట్ అవుతాయి, "ఎంపెగ్‌ఏవీ" ఫోల్డర్లో చివర డీఏటీ అని ఉన్న ఫైళ్లూ కనబడతాయి, కాపీ చేయబోతే మాత్రం ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది. బొమ్మ ఉన్న సెక్టార్ల అమరిక వేరు కావడం వల్ల వచ్చే ఎర్రర్ అది, డిస్కు తప్పేం లేదు. వీఎల్‌సీ ఓపెన్ డిస్క్‌లో వీసీడీ అని ఎంచుకుంటే ఆడుతుంది. హార్డ్ డిస్కులోకి తీయాలంటే వీసీడీఇమేజర్ ప్యాకేజీలోని "వీసీడీఎక్స్‌రిప్" ఉంది.

మా అబ్బాయి విండోస్‌లో సీడీ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసిచ్చాడు. ఇక్కడ ఏ పాటా రావట్లేదు.

ఫైళ్ల చివర సీడీఏ అని ఉండి, ఒక్కోటి 44 బైట్లేనా? అవి పాటలు కావు. ఫలానా ట్రాకు ఫలానా చోట మొదలవుతుందని చెప్పే చీటీలు. అసలు సీడీ దొరికితేనే పని.

మరి సరిగ్గా కాపీ చేయడం ఎలా?

ఒక ఫోల్డర్ చేసుకుని, అందులోకి వెళ్లి "సీడీపారనోయా -బీ" కొట్టండి, బీ క్యాపిటల్. ట్రాకుకు ఒక వేవ్ ఫైలు వస్తుంది, నిమిషానికి 10 మెగాబైట్ల పైచిలుకు. సీడీపారనోయా ఒకే చోటును అతివ్యాప్తిగా మళ్లీ మళ్లీ చదివి పోల్చుకుంటుంది, అందుకే గీతలున్న డిస్కు గంటలు తీసుకోవచ్చు. పక్కన కనబడే బొమ్మముఖం నవ్వుతుంటే అంతా సవ్యం. ఏడుపు ముఖం పెడితే గీత తగిలిందని. ఒకే చోట గంటసేపు ఏడుస్తుంటే కంట్రోల్-సీ నొక్కి ఆపి, డిస్కు కడిగి, మిగతా ట్రాకులు విడిగా తీయండి. "సీడీపారనోయా 7" అంటే ఏడో ట్రాకు ఒక్కటే. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదవడం చాలా మామూలు, పక్కింటివాళ్ల డ్రైవ్‌లో వేసి చూడకుండా డిస్కు పారేయకండి.

దాచడానికి ఎఫ్‌ఎల్‌ఏసీ అనే ఫైలు రకం మేలు. శబ్దంలో ఒక్క బిట్టు పోదు, జాగా దాదాపు సగానికి తగ్గుతుంది. ఏబీసీడీఈ అనే ప్రోగ్రాము తీయడం, కుదించడం, పేర్లు పెట్టడం ఒక్క దెబ్బతో చేస్తుంది: "ఏబీసీడీఈ -ఓ ఎఫ్‌ఎల్‌ఏసీ". కిటికీలు, బటన్లు కావాలంటే అసుందర్ గానీ సౌండ్ జ్యూసర్ గానీ.

పాటల పేర్లు రావట్లేదు, ట్రాక్ 1, ట్రాక్ 2 అనే వస్తున్నాయి.

సీడీలో పేర్లు ఉంటే సీడీ-టెక్స్ట్‌గా (డిస్కులోనే రాసిన అక్షరాలుగా) ఉండాలి, తెలుగు సీడీల్లో అది అరుదు. మిగతాదంతా ఇంటర్నెట్‌లో వెతకడమే: ట్రాకుల నిడివులతో ప్రోగ్రాము ఒక గుర్తు తయారుచేసి, మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాంటి చోట అడుగుతుంది. పాత ప్రోగ్రాములు అడిగే ఫ్రీడీబీ 2020లో మూతపడింది, దాని చిరునామా ఇంకా సెట్టింగుల్లో ఉంటే జీఎన్‌యూడీబీకి మార్చండి. తెలుగు భక్తి, జానపద సీడీలకు ఇవేవీ దొరక్కపోవచ్చు. డబ్బా వెనక చూసి ఈజీట్యాగ్ అనే ప్రోగ్రాములో చేత్తో కొట్టుకోండి, తెలుగు లిపిలోనే కొట్టొచ్చు.

కారు స్టీరియో కోసం ఆడియో సీడీ రాయాలి.

కే3బీలో గానీ బ్రసేరోలో గానీ "ఆడియో సీడీ" ప్రాజెక్టు ఎంచుకోండి. "డేటా" ఎంచుకుంటే ఎంపీ3 తెలియని స్టీరియో దాన్ని ముట్టుకోదు. సీడీ-ఆర్ తెచ్చుకోండి. సీడీ-ఆర్‌డబ్ల్యూ వెలుగును తక్కువ తిప్పికొడుతుంది, పాత స్టీరియోలు దాన్ని చూడలేవు. వేగం 8 లేదా 16, పద్ధతి "డిస్క్ ఎట్ వన్స్". మధ్యలో కరెంటు పోతే సీడీ-ఆర్ చెత్తబుట్టకే. యూపీఎస్ లేనివాళ్లు గాలివాన రోజున ఈ పని పెట్టుకోకండి.

ట్రే తెరుచుకోవట్లేదు, సీడీ లోపల ఇరుక్కుంది.

ఏదో ప్రోగ్రాము పట్టుకుని ఉంటుంది. "ఫ్యూజర్ -వీ /డెవ్/ఎస్‌ఆర్0" కొడితే ఎవరో తెలుస్తుంది. దాన్ని మూసి "ఎజెక్ట్" అనండి. బటన్ పనిచేయకుండా తాళం పడితే "ఎజెక్ట్ -ఐ ఆఫ్". దేనికీ లొంగకపోతే కంప్యూటర్ ఆపి, డిస్కు తిరగడం ఆగేదాకా ఓ నిమిషం ఉండి, ముందున్న సన్నటి రంధ్రంలోకి నిటారు చేసిన పేపర్ క్లిప్పు నెట్టండి. ట్రే ఒక సెంటీమీటరు బయటికొస్తుంది, మిగతాది చేత్తో లాగాలి. ట్రే ప్రతిసారీ ఇలాగే మొరాయిస్తుంటే లోపలి రబ్బరు బెల్టు సాగి జారుతోందన్నమాట. ఆ బెల్టు మారిస్తే చాలు, కొత్త డ్రైవ్ అక్కర్లేదు.